పదిహేను వందల మీటర్ల వరకు

గగనతల అనుమతుల విభాగం,
మూడో అంతస్తు.
ఫిబ్రవరి 6

బాబాయికి నమస్కారాలు.

ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, పక్క బల్లలవాళ్ళు పనులు మాని చూస్తారు. ముప్పై ఏళ్ళ లేత్ మిషన్ నీ చెవుల్ని తినేసింది. కళ్ళనైనా వదిలినందుకు సంతోషించి ఉత్తరం రాస్తున్నాను.

మా గదిలో ఆరు బల్లలు, రెండు బీరువాలు, గోడ నిండా ఒక పటం. పటంలో నేలకంటే ఆకాశానికే గీతలు ఎక్కువ. ఎర్రగీతలు విమానాల దారులు. పచ్చ గుండుసూదులు కొద్ది గంటలకని ఎవరైనా అడిగి పుచ్చుకున్న ముక్కలు. బెలూన్లవాళ్ళు, పొలాలకి మందు చల్లేవాళ్ళు, ఇంకా సరదాకి సొంతంగా రాకెట్లు చేసి ఎగరేసే మీ సంఘం. ఉప్పుమైదానం మీద మీ సూది చూసి నాకు నవ్వాగలేదు.

"ఏమ్మా, పటంలో మీ ఊరు కనబడిందా?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"మా బాబాయి కనబడ్డాడండీ" అన్నాను.

మీ ఫైలు తీసి చూశాను. ఏడేళ్ళుగా మీ సంఘం నడిపే లెక్కల మాస్టారు అదే ఫారం నింపుతున్నారు, తేదీ తప్ప ఏమీ మారదు. ఎత్తు దగ్గర ఏటా పదిహేను వందల మీటర్లే. ఇక్కడి పద్ధతి కూడా చెబుతాను, నీకు సరదాగా ఉంటుంది. మీ దరఖాస్తు రాగానే ఆ ఆకాశంలో తిరిగేవాళ్ళ జాబితా తీసి అందరికీ నకళ్ళు పంపుతాం. ఇరవై ఒక్క రోజులు చూస్తాం. ఎవరూ పలక్కపోతే అభ్యంతరం లేనట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా ఆఫీసులో అది పూర్తి అంగీకారం.

మన ఇంట్లో బడిలోపల కూర్చున్న మొదటి మనిషిని నేను. నాన్నతో నెల్లాళ్ళు పోట్లాడి నన్ను కూర్చోబెట్టింది నువ్వు. ఇప్పుడీ బల్ల దగ్గర కూర్చున్నా కుర్చీ చివరనే కూర్చుంటున్నాను, ఎవరో వచ్చి లెమ్మంటారన్నట్టు. అలవాటవుతుందిలే.

పిన్నిని అడిగానని చెప్పు.

అమ్మడు


లేత్ షాపు వెనక గది
ఫిబ్రవరి 14

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకోసం, రెండోసారి మీ పిన్ని కోసం, మూడోసారి బోల్టులు చేయించుకోడానికొచ్చిన ట్రాక్టర్ మెకానిక్‌కి, అతను అడక్కపోయినా. నేను రాసిందాంట్లో తప్పులుంటే పాపం నీదే. ఎనిమిదేళ్ళదానివి నా చేత పలక మీద దిద్దించావు. నేను ముప్పైయేళ్ళవాణ్ణి, "ళ" రాదని నెత్తి మీద మొట్టావు. ఆ మొట్టికాయ ఇంకా ఉంది.

కుర్చీలో వెనక్కి జరిగి కూర్చో. అది నీదే.

పోయినేడు మాకేం జరిగిందో ఫైల్లో ఉందో లేదో. అరవైమంది వచ్చారు. ఒకతను రెండు రోజులు బస్సుల్లో రాకెట్‌ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. కాగితం రాలేదు. కాగితం లేకుండా అగ్గి వెలిగించనని మాస్టారు భీష్మించుకు కూర్చున్నాడు. అందరూ టీలు తాగి, ఒకరి రాకెట్లు ఒకరు నిమురుకుని వెళ్ళిపోయారు. మర్నాడు కాదు, ఆ మర్నాడు వచ్చింది కాగితం. చేతులు కాలాక ఆకులన్నట్టు.

ఈసారి మే మొదటి ఆదివారం అనుకుంటున్నాం. నేనొకటి తయారుచేస్తున్నాను. ఇద్దరు మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు నిలబడ్డంత ఎత్తుంటాడు. పేరు బండోడు. మీ పిన్ని పెట్టింది, నన్ను చూసి పెట్టిందో వాణ్ణి చూసి పెట్టిందో అడగలేదు. కంగారుపడకు, పైకి వెళ్ళేది ఎప్పటి ఎత్తే, పదిహేను వందలు. ఒళ్ళు బరువు కదా, ఎగరడానికి బద్ధకిస్తాడు.

తప్పు పని ఏదీ చెయ్యకు. మా కాగితం మాత్రం నీ కళ్ళముందు ఉంచుకో, చాలు.

బాబాయి


మూడో అంతస్తు
మార్చి 12

బాబాయ్,

దరఖాస్తు అందింది. మాస్టారు ఈసారి కూడా తేదీ ఒక్కటే మార్చారు. ఫారం అంచున టీ మరక కూడా పోయినేడు ఉన్నచోటే ఉందేమోనని పక్కపక్కన పెట్టి చూశాను.

పోయినేడు ఆలస్యం ఎందుకయిందో తెలిసింది. నకళ్ళు పంపేముందు ప్రాంతీయ కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి, ఆ చుట్టుపక్కల కొత్తగా ఎగిరేవాళ్ళెవరైనా వచ్చారా, జాబితాలో చేర్చాలా అని అడగాలి. నాకంటే ముందున్న అసిస్టెంటు అడిగాడు. జవాబుకి ఆరు వారాలు పట్టింది. ఎవరూ రాలేదు అని ఒక్క ముక్క రాయడానికి ఆరు వారాలు. ఈలోగా మీ అరవైమంది వచ్చి వెళ్ళిపోయారు.

ఈసారి అంత ఆలస్యం కాదు. ఎలాగని అడక్కు. నకళ్ళు సోమవారమే వెళ్ళిపోయాయి. సూపరింటెండెంట్ గారు నేను రాసిన నోటు కింద సంతకం పెడుతూ "జాబితా చూశావుగా?" అన్నారు. చూశానండి అన్నాను. నిజంగానే చూశాను, జాబితాని.

ఏప్రిల్ మొదటివారంలో కాగితం మీ చేతిలో ఉంటుంది.

అమ్మడు


లేత్ షాపు
ఏప్రిల్ 6

మా ఆఫీసరమ్మకి,

వచ్చింది. నెలముందే వచ్చింది. మాస్టారు నమ్మలేక ముద్రని వెలుతురుకి పెట్టి చూశాడు. "మీ అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాక ప్రభుత్వానికి చురుకొచ్చిందయ్యా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. అనకుండా ఎంత గొప్పగా నిలబడొచ్చో అంత గొప్పగా నిలబడ్డాను.

కాగితాన్ని లేత్ పైన గోడకి అంటించాను. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఉప్పుమైదానం మీద ఆకాశం మాకు కేటాయించారని, తిరిగేవాళ్ళందరికీ తెలియజేశారని ఉంది. నాకు ఎవరైనా బస్సులో కిటికీ పక్క సీటు ఇస్తే గొప్ప. అలాంటిది నాలుగు గంటలు ఆకాశం ఖాళీ చేయించి ఇచ్చారు.

మీ పిన్ని గొడుగు కుడుతోంది, అదే, బండోడు కిందికి దిగేది. నారింజరంగు గుడ్డ కోసం నాలుగు కొట్లు తిరిగింది. ఉప్పుమీద తెల్లటిది కనబడదు కదా. చివరికి సరిపోక మధ్యమధ్యలో పాత గొడుగుల నల్లగుడ్డ కలుపుతోంది. "నా పెళ్ళి చీరకి కూడా ఇంత తిరగలేదు" అంటోంది. తిరగలేదన్నది నిజమే.

ఆకాశం కనిపెట్టి చూసే పని మాస్టారి కూతురికి అప్పజెప్పాం. నాకు రైలు మీదకొచ్చినా వినపడదని అందరికీ తెలుసు. ఆ పిల్ల కేకేస్తే మాత్రం నాక్కూడా వినపడుతుంది.

నువ్వు రావాలి. సెలవు పెట్టు.

బాబాయి


మూడో అంతస్తు
ఏప్రిల్ 15

బాబాయ్,

సెలవు దొరకదు. వేరే సంగతి రాస్తున్నాను.

గనుల ఊరి ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న విమానం తెచ్చుకున్నారట. గనిలో దెబ్బలు తగిలినవాళ్ళని నగరంలో పెద్దాసుపత్రికి చేర్చడానికి. రోడ్డు మీదయితే తొమ్మిది గంటలు పడుతుంది, అందులో గంటే. జనవరి నుంచి తిరుగుతోందని వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఉప్పుమైదానం మీదుగానే దాని దారి. భూమ్మీంచి రెండువేల రెండు వందల మీటర్ల ఎత్తున.

మీరు పదిహేను వందలు దాటరు. మధ్యలో ఏడు వందల మీటర్లు ఉన్నాయి. కాబట్టి అంతా సరిగానే ఉంది.

ఎత్తు మాత్రం దాటొద్దు బాబాయ్. ఎప్పుడూ దాటరని తెలుసు. ఈసారి మరీ జాగ్రత్తగా ఉండమని చెబుతున్నాను. వచ్చినవాళ్ళందరికీ కూడా మాస్టారి చేత చెప్పించు.

అమ్మడు


లేత్ షాపు
ఏప్రిల్ 20

అమ్మడూ,

నీ ఉత్తరం ఈసారి చిన్నగా ఉంది. ఒంట్లో బాగుందా? పై అధికారి ఏమైనా అన్నాడా? అంటే చెప్పు, లేత్‌లో పెట్టి గుండ్రంగా తీసేద్దాం.

ఆసుపత్రివాళ్ళ విమానం సంగతి మంచి పని. మన దగ్గర పనిచేసిన వెల్డర్ బావమరిది ఆ రోడ్డు మీదే పోయాడు, సగం దారిలో. ఆ నాలుగు గంటలూ రావద్దని వాళ్ళకి కూడా మీ కాగితం వెళ్ళే ఉంటుందిగా. మరి ఇంక ఎత్తు గొడవ దేనికి? ఖాళీ ఆకాశంలో బండోడు ఓ మెట్టు పైకెక్కితే ఎవరికి తగులుతాడు, మేఘానికా?

ఇక్కడ పని జోరుగా ఉంది. మోటారు గొట్టం తయారయింది. గొడుగు విప్పే టైమరు కూడా నేనే చేశాను. పోయిన రాకెట్లకి పదిహేడు సెకన్లు పెట్టేవాళ్ళం కదా, దీనికి ఇరవై ఐదు పెట్టాను. మూడురోజులు గడియారం పట్టుకుని సరిచూశాను, అర సెకను కూడా తేడా లేదు. మీ పిన్ని నేను గోడతో మాట్లాడుతున్నాననుకుంది.

సెలవు అడిగి చూడు ఇంకోసారి.

బాబాయి


మూడో అంతస్తు
ఏప్రిల్ 25

బాబాయ్,

ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించకు. ముందు నువ్వు చదువు.

ఇంధనం అయిపోయాక రాకెట్ పైకి ఎన్ని సెకన్లు పోతుందో ఆ అంకెని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ ఐదుతో హెచ్చవేస్తే సుమారు ఎత్తు వస్తుంది, గొడుగు టైమరు పెట్టేది ఆ సెకన్లకే. ఇది నాకు కాలేజీలో చెప్పారు. నీకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. పదిహేడు సెకన్లకి పద్నాలుగు వందల పైచిలుకు. ఇరవై ఐదుకి మూడు వేల పైన. బండోడు బద్ధకస్తుడు కాదు. నువ్వు నాకు అబద్ధం చెప్పావు.

నేను కూడా చెప్పాను. నిన్ను అడిగే ముందు అది రాయాలి.

ప్రాంతీయ కార్యాలయానికి రాయాల్సిన ఉత్తరం నేను రాయలేదు. ఆరు వారాలు పడుతుందని, మళ్ళీ మీ అరవైమందీ టీలు తాగి వెళ్ళిపోతారని రాయలేదు. పాత జాబితాకే నకళ్ళు పంపి, నోటులో "జాబితా సరిచూడబడినది" అని రాశాను. జాబితాలో ఆసుపత్రి లేదు. ఆ నాలుగు గంటల సంగతి వాళ్ళకి తెలియదు. వాళ్ళ ఉత్తరం ఏప్రిల్ పదమూడున నా చేతికి వచ్చింది, అప్పటికే మీ కాగితం మీ గోడమీద ఉంది. అందినట్టు ముద్ర వేయకుండా సొరుగులో పెట్టాను. వాళ్ళు రెండువేల రెండు వందల్లో, మీరు పదిహేను వందల్లో, నష్టం లేదనుకున్నాను. నువ్వు నా కాగితాన్ని నమ్ముకుని ఎత్తు దాచావు. నేను నీ ఎత్తుని నమ్ముకుని కాగితం దాచాను.

నిన్న ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆదివారం పదింటి నుంచి రెండింటి వరకు ఎగరకుండా ఉండగలరా అని అడిగాను. అక్కడ పలికినావిడ నెమ్మదిగానే మాట్లాడింది. "ఆర్డరు పంపండమ్మా, ఆపుతాం. ఊరికే అడిగితే ఎలా? గని కూలిపోయేముందు వారం చూసుకోదు కదా" అంది. ఆర్డరు పంపాలంటే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు.

బండోడిని షాపులోనే ఉంచెయ్యి. మిగిలినవాళ్ళ చిన్న రాకెట్లు ఎగరనీ. గురువారం సాయంత్రంలోగా మాస్టారి చేత నాకు ఫోన్ చేయించి "ఉంచేశాం" అని ఒక్క మాట చెప్పించు. చెప్పిస్తే శుక్రవారం నా తప్పు ఒక్కటే రాసి ఇస్తాను. చెప్పించకపోతే రెండూ రాయాల్సి వస్తుంది.

నీ మీద రాయించకు బాబాయ్.

అమ్మడు


మూడో అంతస్తు
మే 1

బాబాయికి,

నిన్న సాయంత్రం ఆరున్నర దాకా ఆఫీసులోనే ఉన్నాను. ఊడ్చే ఆవిడ నా కాళ్ళచుట్టూ రెండుసార్లు ఊడ్చింది. ఫోను రాలేదు. నేనే మాస్టారికి చేశాను. "మీ బాబాయి నిన్ననే మైదానానికి వెళ్ళి డేరాలు వేయిస్తున్నాడమ్మా, అక్కడ సిగ్నలు ఉండదు" అన్నారు. ఉత్తరం అందిందా అంటే, అందిందని, చదివి జేబులో పెట్టుకున్నాడని చెప్పారు.

ఇవాళ పొద్దున రాసి ఇచ్చాను. సూపరింటెండెంట్ గారు నా తప్పు చదివి, తల గోక్కుని, "ఇంతేనా? ఆసుపత్రి ఉత్తరానికి సోమవారం ముద్ర వేద్దాం. ఈ ఆదివారం గడిచిపోనీ. వాళ్ళెక్కడ, వీళ్ళెక్కడ, మధ్యలో బోలెడు ఖాళీ ఉంది" అన్నారు.

"ఖాళీ లేదండి. వీళ్ళ రాకెట్ మూడు వేలు వెళ్తుంది. రెండో పేజీలో రాశాను."

"నీకెలా తెలుసు?"

"చేసింది మా బాబాయండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అమ్మాయ్, నీ తప్పుకి మెమో ఇస్తారు, పోతుంది. రెండో పేజీ ఉంటే మీ బాబాయి సంఘాన్ని ఇంకెప్పుడూ అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు. ఆ పేజీ తీసేసుకుంటావా? నేను అటు తిరుగుతాను" అన్నారు. నిజంగానే కుర్చీ కిటికీ వైపు తిప్పారు. నేను తీసుకోలేదు. కాసేపటికి ఆయనే ఇటు తిరిగారు.

అనుమతి రద్దయింది. రేపు ఇద్దరు మనుషులు జీపులో వస్తారు. వాళ్ళతో గొడవపడకు.

అమ్మడు


లేత్ షాపు
మే 4

జూనియర్ అసిస్టెంట్ గారికి,

మీ మనుషులు శనివారం నాలుగింటికి వచ్చారు. అప్పటికి నలభైమంది చేరారు. ఆర్డరు పైకి చదివారు. నాకు వినపడలేదు. చేతికివ్వమన్నాను. ఆర్డరు వెనక మీరు రాసిచ్చిన నోటు నకలు కుట్టి ఉంది. "సదరు సభ్యుడు నాకు వ్రాసిన ఉత్తరములను బట్టి" అని. నా ఉత్తరాలు. నలభైమంది ముందు నిలబడి నేనే చదువుకున్నాను. మీరు నేర్పిన అక్షరాలు ఇందుకు పనికొచ్చాయి.

మీరు గురువారం దాకా గడువిచ్చిన ఉత్తరం నాకు బుధవారమే అందింది. చదివాను. విమానం సంగతి నమ్మాను కూడా. మీరు రాస్తారనే నమ్మలేదు.

మాస్టారు నాతో మాట్లాడటం లేదు. ఫారం మీద సంతకం ఆయనది. ఎత్తు సంగతి నేను ఆయనకి కూడా చెప్పలేదు. రెండు రోజులు బస్సుల్లో వచ్చే అతను ఈసారీ వచ్చాడు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. వినపడలేదు. మళ్ళీ చెప్పమనలేదు.

ఆదివారం నేనూ మీ పిన్నీ ఇద్దరమే మిగిలాం. నేను పదింటి నుంచి రెండింటి దాకా ఉప్పుమీద కుర్చీ వేసుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాను. మీ పిన్ని గొడుగు పట్టుకుని పక్కన కూర్చుంది. ఒక్క కాకి ఎగరలేదు. మీ విమానం ఏ గీత మీద తిరుగుతుందో మీ పటానికే తెలియాలి. ఆ ఖాళీ కోసం నన్ను బజార్లో పెట్టారు.

బండోడిని షాపుకి తెచ్చేశాను. మీవాళ్ళు వాణ్ణి ముట్టుకోలేదు, వాళ్ళకి కాగితం చాలట. వాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలుసు.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

లేత్ పనివాడు


మూడో అంతస్తు, తపాలా బల్ల
మే 9

బాబాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. వద్దన్నావు, అయినా రాయక తప్పడం లేదు.

విచారణ అయ్యేదాకా నన్ను తపాలా బల్లకి మార్చారు. వచ్చిన ప్రతి కాగితం విప్పి, తేదీ ముద్ర వేసి, ఏ విభాగానికి చెందుతుందో రాసి పంపాలి. అందుకని ఇది మొదట నేనే చదివాను.

గనుల ఊరి ఆసుపత్రి విమానం పైలట్ ఇచ్చిన రిపోర్టు. బుధవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి ఉప్పుమైదానం మీద వెళ్తుండగా సన్నగా పొడుగ్గా ఉన్న తెల్లటి వస్తువు ఒకటి కిందనుంచి లేచి ఎడమ రెక్క పక్కగా పైకి పోయింది. తర్వాత పైన గొడుగు విచ్చుకోవడం కనబడింది, నారింజ నలుపు చారలు. వస్తువు కనబడగానే పైలట్ విమానాన్ని ఒక్కసారిగా కుడివైపు వంచేశాడు. లోపల ఛాతీ నలిగిన గని కార్మికుడు ఒకాయన, ఒక నర్సు. నర్సు ఎగిరి ఇనుప కడ్డీకి కొట్టుకుంది, భుజం విరిగింది. ఆయనకి పెట్టిన గొట్టాలు ఊడిపోయాయి. ఆమె ఒంటిచేత్తో మళ్ళీ పెట్టింది. ప్రాణంతోనే దింపారు. గురువారం సాయంత్రం పోయాడు. గాయాల వల్లా, గొట్టాలు ఊడటం వల్లా అన్నది చెప్పలేమని డాక్టరు కింద రాశాడు.

"ఎగరేసినవారు: తెలియదు" అని ఉంది చివర.

సూపరింటెండెంట్ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు. తర్వాత, "ఆ మైదానం సంగతి నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరై ఉంటారంటావు?" అన్నారు. వచ్చే శుక్రవారం లోపల రాసిస్తానన్నాను. "ఎవరో తెలియదు అన్నా రిపోర్టు మూసుకుపోతుంది. అది కూడా గుర్తుంచుకో" అన్నారు.

పిన్ని గుడ్డ కోసం నాలుగు కొట్లు తిరిగిందని నాకు రాసింది నువ్వే.

పోయినసారి నీ ఉత్తరాల్లోంచి ఏరి రాశాను. అది నిన్ను బాగా బాధపెట్టింది. ఈసారి ఏరను. సూటిగా అడుగుతున్నాను. నువ్వేనా? కాదని రాస్తే కాదనే రాసిస్తాను, ఇంకెప్పుడూ అడగను. ఆదివారం ఆ విమానం జాడే లేదని రాశావు. ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ రోజు గనిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంతే.

అమ్మడు


లేత్ షాపు
మే 12

అమ్మడూ,

నేనే.

బుధవారం మా వీధికి కరెంటు ఉండదు, లేత్ తిరగదు. మీ పిన్ని వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది. బండోడిని ట్రాక్టర్ మెకానిక్ బండిలో వేసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఆదివారం నాలుగు గంటలు చూసిన ఆకాశమే కదా, అందులో ఏమీ ఉండదని నాకు ఖాయమైపోయింది. పైకి ఒకసారి చూశాను. చూశానని చెప్పుకోడానికి చూశాను. మాస్టారి కూతురుంటే కేకేసేది. మీట నొక్కాను.

ఎంత బాగా వెళ్ళాడో చెబితే పాపం. నిక్కచ్చిగా నిలువునా వెళ్ళాడు. సెకన్లు లెక్కపెడుతున్నాను. పదిహేను దగ్గర పక్కనుంచి తెల్లగా ఒకటి వచ్చి తెగిన గాలిపటంలా పక్కకి పడిపోయింది. నాకు చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేకుండా చూశాను అదంతా. అది మళ్ళీ నిలదొక్కుకుని వెళ్ళిపోయింది. నేను ఉప్పులో కూర్చుండిపోయాను. గొడుగు ఎటు పడిందో వెతకలేదు. ఇప్పటికీ అక్కడే ఉండాలి, మీవాళ్ళకి చూపిస్తాను.

ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. విమానం వెళ్ళిపోయింది కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక మీ పిన్నికి చదివి వినిపించాను. సగంలో ఆపమంది. తర్వాత మళ్ళీ మొదటినుంచి చదవమంది.

కాదని రాస్తే నమ్ముతానన్నావు. నమ్మవు. నమ్మినట్టు ఉంటావు. అది నీకు నేను నేర్పించకూడదు. పోయినసారి నువ్వు రాసింది సరయిందే. రద్దయ్యాక కూడా ఎగరేసింది నేను. మాస్టారికి ఏదీ తెలియదు, ఆ మాట గట్టిగా రాయి.

పోయినాయనకి ఇంట్లో ఎవరున్నారో రిపోర్టులో ఉందా? ఉంటే వేరే కాగితం మీద రాసి పంపు. లేకపోతే గనుల ఊరు వెళ్ళి నేనే అడుగుతాను. ఆ నర్సమ్మని కూడా చూడాలి. ఏం మాట్లాడాలో తెలియదు. వాళ్ళేమన్నా నాకు సరిగా వినపడదు, అందుకని మీ పిన్ని తోడు వస్తానంటోంది. వాళ్ళన్నది అన్నట్టుగా చెబుతానంది, తగ్గించనంది.

అక్కణ్ణుంచి నేరుగా మీ ఆఫీసుకి వస్తాం. మూడో అంతస్తు అని గుర్తుంది. నువ్వు మాత్రం మేమొచ్చేదాకా ఆగకు. శుక్రవారమే రాసి ఇచ్చెయ్యి.

బాబాయి